వరండా దిగిన ఊరు

నువ్వు ఎక్కడి నుంచి వచ్చావని నన్ను ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. నిజానికి అడగాల్సింది నన్నే. మా నాన్న సముద్రం ఒడ్డు మనిషి. డొంకరాయి దగ్గర సీలేరు మీద ఆనకట్ట కడుతున్నారని, వెల్డింగ్ పని వచ్చినవాళ్ళు కావాలని ఎవరో చెబితే, ఒక రేకు పెట్టె, ఒక బైబిలు పట్టుకుని ప్రాజెక్టు లారీ వెనక ఎక్కి కొండల్లోకి వచ్చాడు. పని అయిపోయాక కూడా దిగి వెళ్ళలేదు. నేను కాలనీ క్వార్టర్లో పుట్టాను, కాలనీ చర్చిలో పేరు పెట్టించుకున్నాను, కాలనీ బడిలో చదువుకుని, చివరికి ఈ చుట్టుపక్కల కొండ మీది బళ్ళలోనే పంతులమ్మనయ్యాను. బ్యాంకులో గానీ, బస్సులో గానీ, ఆసుపత్రిలో గానీ నన్ను ఆపి నా పుట్టుపూర్వోత్తరాలు అడిగిన పాపాన ఎవరూ పోలేదు. నా చీర కట్టు, నా చేతి సంచి, నా తెలుగు చూసి నేను ఇక్కడిదాన్నేనని వాళ్ళే తేల్చేసుకుంటారు.

మా బడిలో వంట చేసే ఆమెని మాత్రం దారిన పోయేవాడొకడు అడిగాడు, ఆ తర్వాత అడగనివాళ్ళు లేరు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. కాస్త చల్లారాక రాద్దామని కొన్నాళ్ళు ఆగి చూశాను. చల్లారలేదు కాబట్టి ఇలాగే రాస్తున్నాను.

ఆమె నా ఈడుది. పిల్లలకి ఆయా, నాకు అక్క. కోందు తెగ మనిషి. ఇంట్లో వాళ్ళ కువి భాష, సంతలో ఒడియా, నాతో తెలుగు, పిల్లల్ని తిట్టాలంటే మూడూ కలిపి. ఆమె తాత కాలంలో ఏటికి ఎగువన ఇంకో డ్యామ్ కట్టారు. మా నాన్న బిగించిన గేట్ల లాంటి గేట్లే అక్కడా దించారు, వాళ్ళ ఊరు నీళ్ళల్లోకి పోయింది. ఆ కరెంటుతో ఏ పట్నంలో ఎవరి ఇంట్లో ఫ్యాను తిరిగిందో నాకు తెలియదు గానీ, వాళ్ళ ఇంట్లో మాత్రం తిరగలేదు. తాత విత్తనాల మూట నెత్తిన పెట్టుకుని, పెళ్ళాం పిల్లల్ని నడిపించుకుంటూ ఏరు దాటి, ఇవతలి కొండెక్కి ఈ ఊరికి వచ్చాడు. అవతలి గట్టు ఒడిశా, ఇవతలి గట్టు ఆంధ్ర అని మ్యాపులో గీత ఉంది. వాళ్ళకి కనిపించింది ఏరే, గీత కాదు. ఆమె పుట్టింది ఆ తర్వాత చాలా ఏళ్ళకి, ఈ ఊళ్ళోనే. నేను ఎంత ఇక్కడిదాన్నో ఆమె కూడా అంతే ఇక్కడిది, ఇంకా మాట్లాడితే నాకంటే ఎక్కువే.

ఈ ఊరి పద్ధతి ఒకటి చెప్పకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. చైత్రంలో ఇక్కడ ఇటుకల పండగ చేస్తారు. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని వేటకని అడవికి పోతారు. ఈ రోజుల్లో అది పేరుకే. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి నానా మాటలంటారు, ఏటా అదొక సంబరం. అంతకుముందు ఇంటింటి నుంచి సామలు, కొర్రలు, చోళ్ళు గుప్పెడు గుప్పెడు తెచ్చి గంగాలమ్మ రాయి ముందున్న పెద్ద బుట్టలో పోస్తారు. ఎవరి ఇంటి గింజలు పోస్తుంటే ఆ ఇంటివాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో పూజారి తాత పైకి చెబుతాడు. ఏ కొండ కింద ఉండేవారు, ఏ వాగు, ఏ గెడ్డ దాటారు, దారిలో ఎక్కడ ఆగారు, అన్నీ. ముందు తన ఇంటి దారి చెబుతాడు, ఎందుకంటే వాళ్ళవాళ్ళు అందరికంటే ముందు, అందరికంటే దూరం నుంచి వచ్చారట. ఆ తర్వాత వచ్చినవాళ్ళు వచ్చిన వరసలో. చివర్లో ఏరు దాటి వచ్చిన మా అక్క వాళ్ళ ఇల్లు. ఎక్కడి నుంచి వచ్చారో చెప్పుకోలేనివాళ్ళ గింజలు ఆ బుట్టలో పడవు. అందరి గింజలూ కలిపేశాక మళ్ళీ గుప్పెడు గుప్పెడు పంచుతారు, అవే ఆ ఏడు పొలానికి మొదటి విత్తనం. ఆ పంట తింటారు, దానితోనే ఆ ఊరివాళ్ళవుతారు. అంటే ఈ ఊళ్ళో వచ్చానని చెప్పుకోవడం మర్యాద. పెళ్ళిలో చెబుతారు, చావులో చెబుతారు. దాన్ని దాచేవాడు వాళ్ళ లెక్కలో తల్లిదండ్రులు లేనివాడు.

పండగ రోజుల్లోనే ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగు పట్టుకుని వచ్చే పోయే బళ్ళని ఆపుతారు. పజోరు అడుగుతారు. పండగ మామూలన్నమాట. చిల్లరిచ్చినా సరే, బిస్కెట్ పొట్లం ఇచ్చినా సరే, రెండడుగులు వాళ్ళతో ఆడినా సరే. ఇచ్చినవాడిని ఎక్కడి నుంచి వస్తున్నావని అడిగి ఆ ఊరి పేరు పాటలో కలిపి పాడతారు. అడ్డతీగల సంతకి పోయే ఆటో అయితే అడ్డతీగల పేరు, చింతూరు బస్సయితే చింతూరు పేరు. ఇటు తిరిగే డ్రైవర్లకి ఇదంతా తెలుసు. ముందే జేబులో ఏదో ఒకటి పెట్టుకుని నవ్వుతూ ఆగుతారు. నేనూ ఏటా వాళ్ళతో పాటు వెళ్ళి కల్వర్టు మీద కూర్చుంటాను. పాట రాదు గానీ చప్పట్లు కొడతాను.

ఈసారి మోటారు సైకిళ్ళు వచ్చాయి. చింతూరు వైపు నుంచి ఒక గుంపు. అందరికీ ఒకే రకం టీషర్టులు, ఒక్కో బండి వెనక ఒక్కో జాతీయ జెండా. దేశభక్తి యాత్ర అట, కొండలన్నీ చుట్టుకుంటూ అరకు దాకా వెళ్తారట. జెండా అంటే నాకేం చేదు కాదు. ఏటా ఆగస్టులో దాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి ఎగరేసేదాన్ని నేనే. ఆడవాళ్ళు బొంగు దించి పాట ఎత్తుకున్నారు. కొందరు కుర్రాళ్ళు నవ్వి, దిగి, రెండడుగులు ఆడారు కూడా. ముందున్నవాడు మాత్రం దిగలేదు. వాడి హెల్మెట్ మీద కెమెరా ఉంది.

"ఏంటిది? రోడ్డు మీ సొంతమా?" అన్నాడు.

"పండగ బాబూ," అంది మా అక్క బొంగు చివర పట్టుకుని. "పజోరు ఇయ్యాల. మీకేటి తోత్తే అదే. ఎక్కడి నుంచి ఒత్తన్నారు?"

"మేం ఇండియన్స్. మా దేశంలో మేం ఎక్కడికైనా వెళ్తాం, ఎవరికీ చెప్పక్కర్లేదు. ముందు మీరెక్కడి నుంచి వచ్చారో చెప్పండి."

ఆమె మొహం ఎంత వెలిగిపోయిందో నేను కళ్ళారా చూశాను. ఏటా వందల మందిని ఆమె అడిగింది గానీ, ఆమెని ఎదురు అడిగినవాడు ఒక్కడూ లేడు. మర్యాద తెలిసిన కుర్రాడు దొరికాడనుకుంది, పిచ్చి తల్లి. బొంగు పక్కదానికి అప్పజెప్పి, కొంగు సర్దుకుని, గంగాలమ్మ రాయి ముందు చెప్పినట్టు చెప్పింది. "ఏరవతల నుంచి బాబూ! పై కొండల నుంచి ఒచ్చినాం. మా ఊరు నీటిలోకి ఎల్లిపోనాది. మా తాత ఏరు దాటించి తెచ్చినాడు మమ్మల్ని." ఇంకా చెప్పబోతుంటే వాడు కెమెరా వైపు మాట్లాడడం మొదలుపెట్టాడు.

"విన్నారు కదా ఫ్రెండ్స్. బోర్డర్ దాటి వచ్చామని వాళ్ళ నోటితోనే చెబుతున్నారు. వచ్చి మన రోడ్డు మీద మన దగ్గరే వసూళ్ళు."

నేను కల్వర్టు దిగి గబగబా వెళ్ళాను. "ఏరవతల ఒడిశా బాబూ. అది కూడా ఇండియాలోనే ఉంది, బళ్ళో చెప్పలేదా?" అన్నాను. వాడు నన్ను కింది నుంచి పైదాకా చూసి, "మీరు లోకలా మేడం?" అన్నాడు. అవునన్నాను. వెంటనే నమ్మేశాడు. చేతులు కూడా జోడించాడు. లారీ ఎక్కి వచ్చినవాడి కూతురు లోకలయింది, నడిచి వచ్చినవాడి మనవరాలు బోర్డర్ దాటినదైపోయింది.

ఇంకొకటి జరిగింది, అది ఆ వీడియోలో లేదు. వాడి బండి వెనక జెండా జారి అంచు చక్రం మీదికి వాలింది. మా అక్క చూసి, "సక్రంలో పడి సిరిగిపోద్ది బాబూ," అంటూ వంగి దాన్ని పైకి తీసి కడదామని చెయ్యి పెట్టింది. "ముట్టుకోకు!" అని వాడు అరిచిన అరుపుకి పాట ఆగిపోయింది. ఆమె చెయ్యి తీసేసి చీరకి తుడుచుకుంది. బళ్ళు వెళ్ళిపోయాయి. ఆ జెండా ఎంతదూరం పోయాక చిరిగిందో నాకు తెలియదు. చిరిగే ఉంటుంది. ఆ ఘాట్ రోడ్డు నాకు తెలుసు.

వాడు పెట్టిన వీడియో ఊళ్ళన్నీ చుట్టేసింది. కింద జనం రాసిన మాటలు చదివి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఏరవతలంటే ఏ పొరుగు దేశమో వాళ్ళే ఊహించేశారు, ఒకడు ఒక దేశం పేరు, ఇంకొకడు ఇంకో దేశం పేరు. కాల్చెయ్యమన్నవాడూ ఉన్నాడు. మైదానంలో ఉన్న మా పిన్ని కూతురు చర్చి గ్రూపులో అదే వీడియో పెట్టి, "ఇది మీ ఏరియాయేనా? తలుపులేసుకుని జాగ్రత్తగా ఉండు అక్కా," అంది. ఎవరి నుంచి జాగ్రత్త? రోజూ నాకు చారు పోసి, ఇంకాస్త వేసుకోమని తిట్టే మనిషి నుంచా? ఫోన్ చేసి దానికి చెడామడా చెప్పాను. ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు మేము.

వేసవి సెలవులయి బడి తెరిచాక నాకు పై ఆఫీసరు దగ్గరి నుంచి ఫోను వచ్చింది. ఆ వీడియోలో ఆమె మీ బడి ఆయాయే కదా అన్నారు, స్థానికులకి దక్కాల్సిన పని బయటివాళ్ళకి ఎలా ఇచ్చారని ఫిర్యాదులొస్తున్నాయన్నారు. విచారణ అయ్యేదాకా ఆమెని వంటగదిలోకి రానివ్వొద్దన్నారు. విచారణలో బయటిదని తేలితే పని పోతుందని, ఊళ్ళో ఆమె పేరున శాంక్షనైన ఇల్లు కూడా ఆగిపోతుందని ఆయన ఏదో వాతావరణం సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పారు. ఇది రాసి పంపండి అన్నాను. ఇలాంటివి రాయరు టీచరు గారూ అని నవ్వారు.

నేనే వండాను. మాడబెట్టానని పిల్లలు మొహం మీదే చెప్పారు. మా అక్క రోజూ వచ్చి బడి కంచె బయట చింతచెట్టు కింద కూర్చునేది. ఇంటికి పొమ్మంటే, "పొద్దుటే లేసి కాళ్ళే ఇటు ఒచ్చేత్తన్నాయి టీసరమ్మా, నానేటి సెయ్యను," అనేది. పప్పులో ఉప్పెంత వెయ్యాలో అక్కడి నుంచే చెప్పేది. ఒకరోజు మాత్రం ఏడ్చింది. "పని పోతే పోనీ. కొండలున్నాయి, అడ్డాకులు కుట్టుకుంటాను. నా సేతి కూడు తిన్న పిల్లలు రేపు నన్ను ఎవుల్దానివని అడిగితే ఏటి సెప్పాల?" అంది. నాకు కోపం వచ్చింది, కావలసినంత.

విచారణకి అధికారి వస్తున్నాడని తెలిశాక నేను పంతులమ్మ బుద్ధి పోనిచ్చుకోకుండా ఊరికి పాఠం చెప్పాను. సాయంత్రాలు పూజారి తాత ఇంటి అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి, "ఎవరైనా మీది ఏ ఊరని అడిగితే ఏం చెప్పాలి?" అనేదాన్ని. "మాది ఈ ఊరే!" అని ఎక్కాలు చెప్పినట్టు చెప్పేవారు. ఎక్కడి నుంచి వచ్చారంటే? "ఎక్కడి నుంచీ రాలేదు!" అక్కడికి వచ్చేసరికి మాత్రం గొంతులు పడిపోయేవి. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పమిట నోటికి అడ్డం పెట్టుకునేవారు, బూతు మాట పలకమన్నట్టు.

"పరీచ్చకి సదివిత్తన్నాదిరా మనల్ని," అని నవ్వాడు పూజారి తాత. తర్వాత నవ్వడం మానేసి, "అబద్ధం కాదేటి తల్లీ అది?" అన్నాడు.

"అబద్ధం ఎలా అవుతుంది తాతా? నువ్వు ఇక్కడే పుట్టావు కదా."

"పుట్టడం ఇక్కడే. రావడం ఇక్కడ కాదు గదా."

మీ తాతలు వచ్చారు గానీ నువ్వు రాలేదు కదా అని వాదించాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. తాతలు లేకుండా నేనెలా వస్తానమ్మా అన్నట్టుంది ఆ చూపు. అయినా మా అక్క కోసం సరేనన్నాడు. ఆయన సరేనంటే ఊరంతా సరేనన్నట్టే. నేను నిశ్చింతగా ఇంటికి పోయాను.

అధికారి వచ్చిన రోజు పొద్దుటి నుంచీ వాన. మా బడికి ముందు చిన్న వరండా ఉంది, ఎదురుగా ఆవరణలో జెండా కర్ర. ఊరు ఊరంతా ఆ వరండాలో ఇరుక్కుని కూర్చుంది. అధికారి నా కుర్చీలో కూర్చున్నాడు. ఆయన డ్రైవరు తలుపు దగ్గర నిలబడ్డాడు. మనిషి మొరటువాడేమీ కాదు, అది చెప్పాలి. టీ ఇస్తే థాంక్స్ అన్నాడు. మొరటువాడయితే ఎదుర్కోవడం తేలికయ్యేది.

ముందు మా అక్కని పిలిచాడు. ఎక్కడ పుట్టావంటే ఈ ఊళ్ళోనే బాబూ అంది. మీది ఏ ఊరంటే మాది ఈ ఊరే అంది. నేను నేర్పినట్టే, ఒక్క అక్షరం పొల్లు పోకుండా. ఆయన తలూపి, ఫోను తీసి వీడియో పెట్టాడు. "ఏరవతల నుంచి బాబూ!" అని ఆమె గొంతు వరండాలో గట్టిగా, సంతోషంగా వినిపించింది. "ఇది నువ్వు కాదా?" అన్నాడు.

ఆమె తల వంచుకుంది. కాదనలేదు, అవుననలేదు. కాదంటే ఆ తాత అబద్ధమైపోతాడు, ఆ ఊరూ ఆ నీళ్ళూ అబద్ధమైపోతాయి.

"ఇలా ఒక్కొక్కరినీ అడుగుతూ కూర్చుంటే సాయంత్రమవుతుంది," అన్నాడు అధికారి వాచీ చూసుకుని. ఊరి వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఈవిడ ఒక్కరేనా, ఇంకా ఉన్నారా? బయటి నుంచి వచ్చినవాళ్ళు లేచి ఆ జెండా కర్ర దగ్గర నిలబడండి. లోకల్స్ ఇక్కడే వరండాలో ఉండండి."

మా అక్క లేచింది. ఎవరి వంకా చూడకుండా మెట్టు దిగి వానలోకి నడిచి, జెండా కర్ర దగ్గర నిలబడి, కొంగు నెత్తిన వేసుకుంది. జెండా లేని కర్ర. నాకు ఏడుపొచ్చింది, అంతకంటే కోపమొచ్చింది, ఊరి మీద కూడా వచ్చింది. ఒక్కరైనా నోరు విప్పరేం అనుకున్నాను. నేనే కదా విప్పొద్దని నేర్పింది.

అప్పుడు పూజారి తాత కర్ర ఊతంతో లేచాడు. "ఒచ్చినోళ్ళేనా బాబూ దిగాల?" అని అధికారిని అడిగాడు. అవునన్నాడాయన. తాత మా అక్క వైపు తిరిగి కేకలేశాడు.

"ఏమే గుంటా! నాకంటే ముందు నిన్నెవులు దిగమన్నారే? మీవోళ్ళు ఒచ్చిందెప్పుడు, మావోళ్ళు ఒచ్చిందెప్పుడు? ఎనక్కి జరుగు!"

నేను ఏదో అనబోయాను. ఆయన వినిపించుకోలేదు. నిజంగానే కోపంగా ఉన్నాడు. ఊరి పెద్ద తానుండగా అందరికంటే చివర వచ్చిన ఇంటి ఆడమనిషి ముందు వరసలో పోయి నిలబడడం ఆయనకి పెద్ద అవమానం. తడుస్తూ, జారుతూ ఆవరణ దాటి జెండా కర్రకి ఆనుకుని నిలబడ్డాడు. గంగాలమ్మ రాయి ముందు చెప్పినట్టే తన ఇంటి దారి చెప్పడం మొదలుపెట్టాడు. ఏ కొండ, ఏ గెడ్డ, ఎక్కడ ఆగారు. ఆయన తర్వాత రెండో ఇంటివాళ్ళు లేచారు. తర్వాత మూడోవాళ్ళు. గింజలు పోసే వరసలోనే, తోసుకోకుండా, ముసలివాళ్ళు ముందు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు వెనక. ఎవరినీ ఎవరూ పిలవలేదు. నేను వారాల తరబడి నేర్పిన పాఠం వరండాలో ఒక్కరికీ గుర్తు లేదు. అధికారి అడిగింది వాళ్ళకి అతి మర్యాదైన ప్రశ్నలా వినిపించింది, అంత పెద్దాయన ఊరంతటినీ దారి చెప్పమంటే చెప్పకుండా ఎలా కూర్చుంటారు?

వరండా ఖాళీ అయిపోయింది. అధికారి, డ్రైవరు, నేను మిగిలాం. ఒక కుక్క కూడా ఉంది, పాపం దానికి వాన గిట్టదు.

"ఏంటి టీచరు గారూ ఇది? మీరేనా వీళ్ళకిలా నేర్పింది?" అన్నాడాయన.

"నేను నేర్పింది ఇది కాదు సార్," అన్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

"ఊళ్ళో ఒక్కరూ లోకల్ కాదా? మరి నేను ఏమని రాయను?"

"చూసింది రాయండి."

"వీళ్ళకి దీని సీరియస్‌నెస్ తెలియడం లేదు మేడం. ఇదంతా రికార్డయితే రేపు వీళ్ళకే నష్టం. మీరైనా చెప్పండి, మీరు లోకల్ కదా."

ఆ మాట రెండోసారి విన్నాను. ఈసారి అవుననలేదు. అనే తీరిక కూడా లేకపోయింది, జెండా కర్ర దగ్గరి నుంచి తాత గొంతు వచ్చింది.

"టీసరమ్మా! నువ్వెక్కడి నుంచి ఒచ్చినావు తల్లీ? ఎప్పుడూ సెప్పనేదు."

నన్ను జీవితంలో మొదటిసారి ఒక మనిషి ఆ ప్రశ్న అడిగాడు. వెళ్ళిపొమ్మనడానికి కాదు, నా వరస ఎక్కడో చూసుకోవడానికి. నేను చెప్పులు విప్పి మెట్టు దిగాను. వానలో గొంతు పెంచి, సముద్రం ఒడ్డునున్న మా నాన్న ఊరి పేరు చెప్పాను. లారీ సంగతి చెప్పాను, రేకు పెట్టె సంగతి చెప్పాను, ఘాట్‌లో లారీ ఎక్కడెక్కడ ఆగిందని మా నాన్న చెప్పేవాడో అది కూడా చెప్పాను. తాత తలూపుతూ విన్నాడు. "సముద్రం కాడి నుంచా! దూరమే," అని మెచ్చుకున్నాడు. అయితే దూరం చూసి మెచ్చుకున్నాడు గానీ వరస దగ్గర మొహమాటపడలేదు. చేత్తో చూపించాడు. "ఏరు దాటినోళ్ళ ఎనకాల నిలబడు. నువ్వు ఆళ్ళ తరవాత ఒచ్చినావు."

పోయి మా అక్క వెనక నిలబడ్డాను. ఆమె వెనక్కి తిరిగి నా నెత్తి మీద తన కొంగు సగం కప్పింది. ఇన్నాళ్ళూ నేను ఆమెని కాపాడుతున్నాననుకుంటూ తిరిగాను. ఈ దేశంలో నా చోటు ఆమె చోటు తర్వాతే ఉంది.

డ్రైవరు గుమ్మంలో నిలబడి మెల్లగా, "మా తాత కూడా కింది నుంచే వచ్చాడు, అడ్డతీగలకి," అన్నాడు. ఒక మెట్టు దిగాడు. అధికారి చూసేసరికి అక్కడే ఆగిపోయాడు. ఉద్యోగం కదా, నేను తప్పు పట్టను.

"మీరో బాబూ?" అన్నాడు తాత అధికారిని. "మీరెక్కడి నుంచి ఒచ్చినారు?"

"నేను ఎక్కడి నుంచీ రాలేదు. నేను ఇక్కడివాణ్ణే," అన్నాడాయన విసుగ్గా. ఆయన మాట తీరు వింటే ఏ జిల్లావాడో నేను చెప్పగలను, ఆ జిల్లా ఇది కాదు. కానీ తాత దాన్ని నమ్మాడు. ఊరంతా నమ్మింది. ఆడవాళ్ళ మొహాల్లో జాలి కనిపించింది. తల్లీదండ్రీ దారీ ఏదీ చెప్పుకోలేని మనిషి అలా ఒక్కడే వరండాలో కుర్చీలో కూర్చుని ఉంటే చూడలేకపోయారు. "పాపం, బాబుకి ఆకలేత్తన్నాదేమో," అంది ఎవరో.

ఆయన లేచి, రిపోర్టు పంపిస్తానని చెప్పి జీపెక్కి వెళ్ళిపోయాడు. ఏం రాశాడో, రాశాడో లేదో నాకు తెలియదు. ఉత్తర్వు ఏదీ ఇంతవరకు రాలేదు. పని పోయిందని లేదు, ఉందని లేదు, ఇల్లు అలాగే ఆగి ఉంది. వేరే స్థానిక మహిళని చూడమని మళ్ళీ ఫోను మాత్రం వచ్చింది. ఈ ఊళ్ళో అలాంటి మనిషి లేదని చెప్పాను. జెండా కర్ర దగ్గర నిలబడ్డవాళ్ళని మీ అధికారే చూశాడు కదా అన్నాను.

ఆ రోజు జీపు మలుపు తిరగ్గానే మా అక్క తడి చీర పిండుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "టీసరమ్మా, బేగి తాళం ఇయ్యి. పొయ్యి ముట్టిత్తాను. పిల్లలు ఆకలికి మాడిపోతన్నారు, నువ్వు వండితే ఇంకా మాడిపోతారు," అంది.

తాళం ఇచ్చాను. అది ఇప్పటికీ ఆమె బొడ్లోనే ఉంది. కావలసినవాళ్ళు వచ్చి నన్ను అడగొచ్చు. ముందు వాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పాలి.